క్యాంపస్‌కు 20 ఏళ్ల ప్లాన్ వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

భవనాల బొమ్మలతో కాదు, భూమితో మొదలుపెట్టాలి. 1918లో అద్దె భవనాల్లో మొదలైన ఉస్మానియా అడిక్‌మెట్ స్థలాన్ని ఎంచుకుని, ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939కి గానీ ప్రారంభించుకోలేదు. స్థలం ఎంచుకుని సొంత భవనం కట్టుకోవడానికి అంత ఓపిక కావాలి.

ముందు సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి, రెవెన్యూ రికార్డులు విశ్వవిద్యాలయం పేరున ఉన్నాయో లేదో చూడండి. పేరు మారని భూమి మీద గీసిన ప్లాన్ కోర్టులో ఆగిపోవచ్చు. తర్వాత వాలు, వాగులు, చెరువుల మ్యాపు. తెలంగాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి.

ఎక్కువగా దెబ్బతినేది నీళ్ల లెక్కలోనే. హాస్టల్లో 5,000 మంది ఉంటే, తలకు 135 లీటర్ల చొప్పున రోజుకు 6.75 లక్షల లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం, అంటే 5.4 లక్షల లీటర్లు, మురుగుగా బయటికొస్తుంది. శుద్ధి ప్లాంటుకు పల్లపు చోటు ఇప్పుడే కేటాయించకపోతే అక్కడ ఇంకో భవనం లేస్తుంది, ఆపై మురుగును మోటార్లతో ఎత్తిపోయాల్సిందే.

పైపులు, కేబుళ్లకు రోడ్డు పక్కన ఒకే వరుస ఉంచండి. కొత్త భవనం అడిగే ముందు ఉన్న తరగతి గదులు వారానికి ఎన్ని గంటలు వాడుతున్నారో లెక్కించండి. ప్లాన్‌ను ఐదేళ్లకోసారి సవరించండి. ఖాళీగా ఉంచాల్సిన స్థలాలను మాత్రం కదపకండి.