హెచ్‌ఐవీ: ప్రాంతాన్ని బట్టి జబ్బు తీరు మారుతుందా?

ప్రశ్న: నా వయసు 41. హెచ్‌ఐవీకి నాలుగేళ్లుగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) గుర్తించలేనంత తక్కువగా ఉంది. సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) 460. ఉద్యోగరీత్యా వేరే దేశానికి వచ్చాను. ఇక్కడి డాక్టర్ టీబీ పరీక్ష, ఏదో జన్యు పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష రాశారు. హెచ్‌ఐవీ ఉన్నవారు ఐరోపాలో ఎక్కువ కాలం, ఆసియా, ఆఫ్రికాల్లో తక్కువ కాలం బతుకుతారని చదివాను. నేను ఆ రెండో కోవలోకే వస్తానా?

జవాబు: రారు. ముందు ఆ భయం వదిలేయండి. మీరు చదివిన తేడా నిజమే కానీ, అది చాలా వరకు జబ్బు ఎప్పుడు బయటపడింది, మందులు ఆగకుండా అందాయా అనే విషయాల వల్ల వచ్చింది. సీడీ4 కణాలు 200 లోపు పడిపోయాక ఆస్పత్రికి వచ్చినవారికి మొదటి నెలల్లో ప్రాణాపాయం ఎక్కువ, వారు ఏ దేశంవారైనా సరే. అలా ఆలస్యంగా వచ్చేవారు ఎక్కువగా ఉన్న చోట సగటు ఆయుష్షు తగ్గుతుంది. వైరస్‌ను అదుపులో ఉంచుకున్న మీకు ఆ సగటు వర్తించదు.

సీడీ4 సంఖ్య గురించి కూడా బెంగ వద్దు. హెచ్‌ఐవీ లేని ఆరోగ్యవంతుల్లోనే ఇది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఇథియోపియా ప్రజల్లో సహజంగానే తక్కువ. జలుబు చేసినా, రక్తం తీసిన వేళ మారినా అంకె అటూ ఇటూ అవుతుంది. మీ 460ని మీ పాత రిపోర్టులతోనే పోల్చుకోండి.

ఇక వైరస్‌లోనూ రకాలున్నాయి. పశ్చిమ ఐరోపా, అమెరికాల్లో 'బి' రకం, దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో, భారతదేశంలో 'సి' రకం ఎక్కువ. మీరు వాడుతున్న మాత్ర రెండింటినీ అణచగలదు.

ప్రాంతం నిజంగా లెక్కలోకి వచ్చేది చుట్టూ ఉండే ఇతర క్రిముల విషయంలో. ఆగ్నేయాసియాలో టాలరోమైకోసిస్, లాటిన్ అమెరికాలో హిస్టోప్లాస్మోసిస్ అనే ఫంగస్ జబ్బులు హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా పట్టి పీడిస్తాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే వారి ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది క్షయ. ఆ క్రిమి ఏళ్ల తరబడి శరీరంలో నిద్రాణంగా ఉండగలదు, మనిషితో పాటే దేశాలు దాటగలదు. అందుకే టీబీ పరీక్ష తప్పక చేయించుకోండి. నివారణ మందులు రాస్తే, మీరు డోలుటెగ్రావిర్ వాడుతున్న సంగతి గుర్తు చేయండి. రిఫాంపిసిన్ అనే టీబీ మందు రక్తంలో దాని స్థాయిని బాగా తగ్గిస్తుంది, డోలుటెగ్రావిర్ మోతాదు సరిచేయాలి.

కొలెస్ట్రాల్ పరీక్ష వెనుక బలమైన కారణం ఉంది. 12 దేశాల్లో, హెచ్‌ఐవీ ఉన్న 40-75 ఏళ్లవారిలో 7,769 మందిపై జరిగిన రిప్రీవ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. గుండె ముప్పు అంతగా లేదనుకున్నవారిలో కూడా పిటావాస్టాటిన్ అనే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే) మాత్ర గుండెపోటు, పక్షవాతం వంటివాటిని 35 శాతం తగ్గించింది. మీరు ఆ వయసులోకి వచ్చారు కాబట్టి స్టాటిన్ అవసరమా అని మీరే అడగండి.

జన్యు పరీక్ష బహుశా హెచ్‌ఎల్‌ఏ-బి 5701 కోసం అయి ఉంటుంది. ఆ జన్యువు ఉన్నవారికి అబకావిర్ అనే మందు ప్రాణాంతకమైన అలర్జీ తెప్పించవచ్చు. ఐరోపా మూలాలున్నవారిలో ఎక్కువ, తూర్పు ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో అరుదు, దక్షిణాసియావారిలోనూ కొందరికి ఉంటుంది. పూర్వీకులెవరో చూసి ఊహించడం కన్నా పరీక్ష చేయడమే మేలు. ఈ పరీక్ష రాశారంటే మీ మాత్రను అబకావిర్ ఉన్న మరో మాత్రతో మార్చే ఆలోచన ఉండవచ్చు. దానికి ఒప్పుకునే ముందు హెపటైటిస్-బి పరీక్ష జరిగిందో లేదో చూసుకోండి. ఆసియా, ఆఫ్రికాల్లో ఈ వైరస్ ఎక్కువ. మీకు అది ఉంటే, ఇప్పుడు దాన్ని కూడా అణచి ఉంచుతున్నది టెనోఫోవిర్. ఆ మందు ఆపేస్తే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు. పాత రిపోర్టులన్నీ ఈసారి వెంట తీసుకెళ్లండి. హెపటైటిస్-బి ఫలితం వాటిలో లేకపోతే, అది వచ్చేదాకా ఇప్పటి మాత్రనే కొనసాగించమని డాక్టర్‌ను అడగండి.