చింతపండు జోలికి వెళ్ళకండి

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రైతు అనుమతితో పొలంలో మెటల్ డిటెక్టర్ తిప్పుతుంటే మా అబ్బాయికి బొటనవేలంత కంచు బిళ్ళ దొరికింది. ఒక కొస చీలి రెండు చిల్లులున్నాయి. రెండో కొసన జంతువు ముఖం. చిలుము పట్టేసింది. చింతపండుతో తోమితే బొమ్మ తేలుతుందా? ప్రభుత్వానికి చెప్పాలా?
– ఒక పాఠకురాలు, నాటింగ్‌హామ్

జవాబు: తోమకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది స్ట్రాప్ ఎండ్, అంటే తోలు పట్టీ కొసకు బిగించే తొడుగు. పట్టీ చివరను చీలికలోకి దూర్చి రెండు రివెట్లు కొట్టేవారు. జంతువు తలను పైనుంచి చూసినట్టు గుండ్రని చెవులు, మొద్దు మూతి ఉండి, చిల్లుల మధ్య మూడు రేకుల ఆకు కనిపిస్తే అది దాదాపుగా 9వ శతాబ్దపు ఆంగ్లో-శాక్సన్ పనే. 14వ శతాబ్దానికి పద్ధతి మారింది: రెండు పల్చటి రేకులు, వాటి మధ్య పంగకర్రలాంటి ముక్క. ఇలాంటివి సాధారణంగా విరిగేది చిల్లుల దగ్గరే. అక్కడ లోహం పల్చన, లాగుడు ఎక్కువ.

చింతపులుపు చిలుమును కరిగిస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది. వెయ్యేళ్ళు మట్టిలో ఉన్న కంచుకు అసలు ఉపరితలం ఆ చిలుము పొరలోనే మిగులుతుంది. సన్నటి చెక్కుడు గీతలు కూడా అందులోనే ఉంటాయి. పొర పోతే కింద గుంటలు పడిన లోహం తప్ప బొమ్మ ఉండదు. చీలికలో మట్టిని కూడా పిన్నుతో గీకకండి. తోలు పీచు లోహపు లవణాలు పీల్చుకుని అక్కడ నిలిచి ఉండొచ్చు.

నీడలో ఆరనిచ్చి, చిల్లులు పొడిచిన పాలిథీన్ సంచిలో పెట్టి, సిలికా జెల్ ఉన్న బిగుతైన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. దూది వద్దు, పోగులు అంచులకు చిక్కుకుంటాయి. నున్నటి ముదురాకుపచ్చ చిలుముతో భయం లేదు. పాలిపోయిన ఆకుపచ్చ పొడి చుక్కలుగా రాలుతూ, దులిపినా మళ్ళీ వస్తుంటే మాత్రం అది కంచు జబ్బు: మట్టిలోంచి చేరిన క్లోరైడ్లు గాలి తేమతో కలిసి లోహాన్ని తింటున్నాయన్నమాట. డబ్బాలో తేమ 40 శాతం దాటకుండా చూస్తూ, ఆలస్యం చేయకుండా పాత వస్తువులను కాపాడే నిపుణుడైన కన్సర్వేటర్‌కు చూపించండి.

ఇక చట్టం. 1996 నాటి ట్రెజర్ యాక్ట్ ప్రకారం 300 ఏళ్ళు దాటి, బరువులో కనీసం 10 శాతం వెండి లేదా బంగారం ఉన్న వస్తువు దొరికితే 14 రోజుల్లోగా స్థానిక విచారణాధికారి అయిన కరోనర్‌కు తెలపాలి. రెండు మూడు వెండి తీగలు పొదిగిన కంచు ముక్క సాధారణంగా ఆ 10 శాతం అందుకోదు. అయితే 2023లో ఇంకో తరగతి చేర్చారు: 200 ఏళ్ళు దాటి, విశేష ప్రాముఖ్యం ఉన్న లోహ వస్తువులు. కాబట్టి మీరే తేల్చుకోకుండా దొరికిన పురావస్తువులను పరిశీలించే ఆ జిల్లా ఫైండ్స్ లైజన్ ఆఫీసర్‌కు చూపించండి. చట్టం లెక్కలో ట్రెజర్ (నిధి) కాకపోయినా, జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేయించండి. దొరికిన చోటును మ్యాప్ గళ్ళ ప్రకారం పది అంకెల గ్రిడ్ సంఖ్యతో ఇవ్వండి, అది ఒక మీటరు వరకు చూపిస్తుంది. ఆరు అంకెలే ఇస్తే వంద మీటర్ల చదరంలో ఎక్కడో అన్నట్టే. స్కాట్లండ్‌లో నియమాలు వేరు, పురావస్తువు ఏది దొరికినా చెప్పి తీరాలి.

ప్రశ్న: కొన్ని వెండి బిళ్ళల మీద నల్లటి పూత ఉంటుంది. అది ఎనామెలా?
– విశాఖపట్నం

జవాబు: కాదు, నియెల్లో. అది వెండి, గంధకం కలిసిన సల్ఫైడు. చెక్కిన పల్లాల్లో ఆ పొడి నింపి, మెత్తబడేదాకా వేడిచేసి ఒత్తి, చల్లారాక ఆకురాయితో పైభాగం సమం చేస్తారు. పూర్తిగా కరిగేంత వేడి తగిలితే అది విడిపోయి పాడవుతుంది, పనిలో కష్టం అదే. 1774లో కార్న్‌వాల్‌లోని ట్రెవిడిల్‌లో తగరం పనివాళ్ళకు దొరికిన నిధి పేరు మీదనే, వెండిని చెక్కి నియెల్లో నింపే ఆంగ్లో-శాక్సన్ శైలికి ట్రెవిడిల్ అని పేరు. చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో మెలికలు తిరిగిన జంతువు, దాని అంచుల మీద నొక్కులు.

ప్రశ్న: సటన్ హూ నగల్లోని గార్నెట్లు (ఎర్ర రాళ్ళు) తెలంగాణవని విన్నాను. నిజమేనా?
– ఖమ్మం

జవాబు: సగం దాకా ఒప్పుకోవచ్చు. 1939లో ఇంగ్లండ్‌లోని సటన్ హూలో బయటపడిన 7వ శతాబ్దపు సమాధిలోని భుజాల క్లాస్పుల (కొక్కేల) మీద, బంగారు గళ్ళలో పలుచగా కోసిన గార్నెట్లు అమర్చారు. వెలుగు వెనక్కి తుళ్ళేలా రాయి కింద గీతలు ఒత్తిన బంగారు రేకు వేశారు. 5, 6 శతాబ్దాల యూరప్ నగల్లో భారత్, శ్రీలంకల గార్నెట్లు చాలా ఉన్నాయని రసాయన పరీక్షలు చెబుతున్నాయి. 7వ శతాబ్దంలో బొహీమియా రాళ్ళు పెరిగాయి. మన వైపు సంగతి: కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట రాళ్ళలోని మూలకాల పాళ్ళు, వాటి లోపలి సిల్లిమనైట్ అనే ఖనిజపు సూదులు పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన గార్నెట్లతో సరిపోయాయి. అంతమాత్రాన సటన్ హూ రాయి గరీబ్‌పేటదే అనడం తొందరపాటు.

ప్రశ్న: మన ఊళ్ళో డిటెక్టర్ వాడి ఏమైనా దొరికితే ఉంచుకోవచ్చా?
– నల్గొండ

జవాబు: చెప్పకుండా ఉంచుకోలేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే చాలు, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే శిక్ష ఉంది.