ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీలో చేరితే పరిశోధన నిజంగా అబ్బుతుందా?

నాలుగేళ్ల బీటెక్ చాలదా, ఐదో ఏడు దండగ కాదా అని అడిగారు. నేను చదివింది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో, బీటెక్‌కు తోడు గణన భాషాశాస్త్రంలో, అంటే కంప్యూటర్‌కు మనుషుల భాష అర్థమయ్యేలా చేసే శాస్త్రంలో, పరిశోధన ఎమ్మెస్ కూడా ఉండే కోర్సు. చేరేటప్పుడు పరిశోధన మీద మోజేమీ లేదు, దొరికిన సీటు తీసుకున్నాను.

1998లో మొదలైన ఆ సంస్థలో పని పరిశోధన కేంద్రాల చుట్టూ తిరుగుతుంది. నేను భాషా సాంకేతికతల కేంద్రంలో పడ్డాను. అక్కడ వాక్యాలను పాణిని కారకాల లెక్కన, అంటే క్రియతో ఏ మాటకు ఏ సంబంధమో చూసి, విడగొడతారు. పదో తరగతితో వదిలిందనుకున్న వ్యాకరణం మళ్ళీ ఎదురైంది!

నాకిచ్చిన పని, సంధులు విడదీసే ప్రోగ్రాము. ‘వాడెక్కడున్నాడు’ అన్నది మూడు మాటలని కంప్యూటర్‌కు తెలియాలి. అత్వ, ఉత్వసంధి సూత్రాలు రాసేశాను, ఫలితాలు బాగానే వచ్చాయి. మా గైడు ఆ శాతాలు పక్కనపెట్టి, తప్పిన మాటలన్నీ ప్రింటు తీసుకురమ్మన్నారు. ‘పాలేరు ఎడ్లను తోలుకొచ్చాడు’ అన్న వాక్యంలో నా ప్రోగ్రాము పాలేరును ‘పాలు + ఏరు’ చేసింది. జీతగాడు కాస్తా పాలవాగయ్యాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

“నిఘంటువులో పాలేరు చేర్చేస్తే సరిపోతుందా? ఖమ్మం జిల్లాలో పాలేరు జలాశయం ఉంది. ‘పాలేరు నిండింది’ అంటే ఏం చేస్తావు?”

చదివితే మనకు ఇట్టే తెలిసిపోతుంది. ఎలా తెలుస్తోందో చెప్పమంటే నోరు పెగల్లేదు. రెండు రోజులకు తట్టింది: పాలేరు మనిషని చెబుతున్నది ‘తోలుకొచ్చాడు’లోని ఆ చివరి ‘డు’. నేను మాట లోపల వెతుకుతున్నాను, ఆధారం వాక్యం చివర క్రియలో ఉంది. పరీక్షల్లో జవాబు ఎవరికో ఒకరికి ముందే తెలిసి ఉంటుంది. ఇక్కడ పూర్తి జవాబు గైడుకూ తెలియదు. ఆ సంగతే నన్ను పీహెచ్‌డీ దాకా లాక్కెళ్ళింది.

ఐదో ఏడు మాత్రం కష్టమే. తోటివాళ్ళు జీతాలు అందుకుంటుంటే మా అమ్మ ఇరుగుపొరుగుకు ‘ఇంకా చదువుతున్నాడండీ’ అని చెప్పుకునేది. పైగా థీసిస్ వాయిదా వేసుకుంటూ పోయి ఆరు నెలలు అదనంగా ఉన్నాను, తప్పు నాదే.

త్వరగా ఉద్యోగం కావాలంటే నాలుగేళ్లు చాలు, చిన్నతనమేమీ లేదు. ఐదేళ్లకే మొగ్గితే మాత్రం, చేరేముందు ఆ ల్యాబులోని సీనియర్లను ఒక్కటడగండి: మీ గైడు మీ తప్పుల జాబితా కూర్చొని చదివి ఎన్నాళ్ళయింది?