ముసలితనం కాదు, ఆపేసిన బీపీ గోలీ

ప్రభుత్వ వైద్య ఖర్చు ఏటేటా పెరగడానికి జనాభాలో ముసలివాళ్లు ఎక్కువవడమే కారణమా అని అడిగారు. అదొక్కటే అంటే నేను ఒప్పుకోను.

మా నాయనకు 46 ఏళ్లకే బీపీ అని తేలింది. రెండు నెలలు గోలీలు వేసుకుని ఆపేశాడు. అమ్మ పోరుపెడితే "నిమ్మలంగనే ఉన్న గద, గోలీ ఎందుకే?" అనేవాడు. తప్పంతా ఆయనదే అననులెండి. ఊళ్లో చాలాసార్లు గోలీలు ఉండేవి కాదు, మండలానికి పోతే ఆ రోజు కూలి పోయేది. ఆరేళ్లు అట్లనే గడిచాయి. ఒకరోజు పొద్దున కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. బీపీ వల్ల కిడ్నీలు పాడయ్యాయి, క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో 9కి చేరింది అన్నారు.

ఇప్పుడు వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు డయాలసిస్, అంటే కిడ్నీల బదులు మిషన్‌తో రక్తం శుభ్రం చేయడం. సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేశారు. దాని మీద చెవి పెడితే లోపల గుయ్యిమని చప్పుడొస్తుంది, మా చిన్నది రోజూ వింటుంది. డబ్బంతా ఆరోగ్యశ్రీయే కడుతోంది. అది లేకపోతే ఉన్న ఎకరం ఎప్పుడో అమ్మేవాళ్లం. ఇలాంటి పథకాలు దండగ అని ఏసీ గదుల్లో కూర్చుని అనేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

కానీ ఏడాదంతా వేసుకునే జనరిక్ బీపీ గోలీల ఖరీదు ఒక్క డయాలసిస్ ఖర్చంత కూడా ఉండదు. ఆ గోలీ అందక మనిషి డయాలసిస్‌దాకా వస్తే ఖర్చు పెరిగేది ఇక్కడే.

దేశం వైద్యానికి పెట్టే మొత్తం ఖర్చులో ప్రభుత్వాల వాటా 2014-15లో 29 శాతం, 2021-22కి 48 శాతం. కొంత కరోనా వల్ల పెరిగింది. 2018లో కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్ వచ్చింది, 2024లో 70 దాటినవాళ్లందరినీ అందులో చేర్చారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. అన్నీ మంచివే. అయితే ఇవి ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చుకు. చేరకుండా ఆపే గోలీ మాత్రం మా సబ్‌సెంటర్‌లో (ఊళ్లోని చిన్న సర్కారు ఆరోగ్య కేంద్రంలో) మొన్న కూడా లేదు. అక్కడి నర్సును అంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది, పైనుంచి రావాలి గదా.

నాయన పక్క మంచం మీద ఒక లారీ డ్రైవర్ ఉంటాడు. 34 ఏళ్లు. బీపీ ఎప్పటినుంచి అని అడిగితే, ఇక్కడికొచ్చేదాకా ఒక్కసారి కూడా చూపించుకోలేదన్నా అన్నాడు.