ఫీజు కట్టే ముందు పాప చేసిన లూప్ చూడండి

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా పాప బీకాం రెండో ఏడాది చదువుతోంది. కాలేజీ నుంచి రాగానే ల్యాప్‌టాప్‌లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి నాలుగైదు సెకన్ల కదిలే బొమ్మలు చేస్తూ కూర్చుంటోంది. అవి ఆగకుండా తిరుగుతూనే ఉండాలట, వాటిని లూప్ అంటారట. "మళ్లీ మొదలయ్యే చోట జర్క్ వస్తోందమ్మా" అంటూ అర్ధరాత్రి దాటేదాకా దాంతోనే కుస్తీ. ఇప్పుడు డిగ్రీ మానేసి అమీర్‌పేటలో మోషన్ గ్రాఫిక్స్ (బొమ్మలు, అక్షరాలు కదిలించే పని) కోర్సులో చేరతానంటోంది. ఫీజు లక్షా ఇరవై వేలు. నాలుగు సెకన్ల బొమ్మలతో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: అమ్మా, డిగ్రీ మాననివ్వకండి. ఫీజు కూడా ఇప్పుడే కట్టకండి. కానీ ఆ జర్క్ పోగొట్టాలన్న పట్టుదలను మాత్రం ఆపకండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది అదే. క్లిప్ చేయడం చాలామంది నేర్చుకుంటారు. క్లిప్ చివర మళ్లీ మొదలుతో కలిసే అతుకు దగ్గర చిన్న తేడా కనిపిస్తే ఊరుకోలేని కన్ను అందరికీ ఉండదు. ఈ రంగంలో పని ఇచ్చేవాళ్లు వెతికేది ఆ కన్నునే.

ఈసారి ఎల్బీనగర్ వైపో, నాగోల్ వైపో పెళ్లికి వెళ్తే వేదిక వెనక ఎల్‌ఈడీ తెర గమనించండి. రాలే మల్లెలు, ఊగే గంటలు, వెలుగుతున్న దీపాలు ఉంటాయి. రిసెప్షన్ మూడు గంటలు నడిచినా వెనక తిరిగేది చాలాసార్లు పది, పదిహేను సెకన్ల క్లిప్పే. అతుకు సరిగ్గా లేకపోతే ఆ పూలన్నీ పదిహేను సెకన్లకోసారి ఉలిక్కిపడతాయి. ఫోన్‌లో ఎవరూ పట్టించుకోని తప్పు అంత పెద్ద తెర మీద హాలంతటికీ కనిపిస్తుంది. టీవీ స్టూడియోలో యాంకర్ వెనక కదిలే నేపథ్యం, యాప్ తెరుచుకునేలోపు తిరిగే చిన్న బొమ్మ, పండక్కి వాట్సాప్‌లో వచ్చే బతుకమ్మ స్టిక్కర్ కూడా లూపులే. ఈ పనులు చేయించుకునేవాళ్లకు మన హైదరాబాద్‌లో కొరత లేదు.

ఇప్పుడు ఆ జర్క్ సంగతి. పాపతో పాటు మీరూ చదవండి, రేపు ఆమె పని చూసి మీరే బాగోగులు చెప్పగలుగుతారు. మెలికల ముగ్గులో గీత చుక్కలన్నీ చుట్టి బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది కదా, లూప్ కూడా అంతే. అయితే ఇక్కడ బొమ్మ కలిస్తే సరిపోదు, దాని వేగం, అది వెళ్లే దిశ కూడా కలవాలి.

క్లిప్ 4 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు (అంటే 25 విడివిడి బొమ్మలు) అనుకుందాం. మొత్తం 100 ఫ్రేములు, లెక్క 0 నుంచి 99 దాకా. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి ఫ్రేములో ఉన్న కీఫ్రేమ్‌నే (బొమ్మ ఆ క్షణంలో ఎక్కడ, ఎలా ఉండాలో చెప్పే గుర్తును) కాపీ చేసి 99లో పెట్టేస్తారు. అప్పుడు 99లోనూ, వెంటనే వచ్చే 0లోనూ ఒకే బొమ్మ ఉంటుంది. అది వరసగా రెండు ఫ్రేములు నిలిచిపోవడంతో కదలిక ఆగినట్టు అనిపిస్తుంది. పాప చెప్పే జర్క్ బహుశా ఇదే. ఆ కీఫ్రేమ్ ఉండాల్సింది 100లో, అంటే క్లిప్ అయిపోయాక. కంపోజిషన్‌ను, అంటే బొమ్మ తయారయ్యే టైమ్‌లైన్‌ను, కాస్త పొడిగించి కీఫ్రేమ్ అక్కడ పెట్టమనండి. రెండర్, అంటే తుది వీడియోగా తీయడం, మాత్రం 99 దగ్గరే ఆగాలి.

అది సరిచేసినా జర్క్ పోలేదంటే కదలికను నెమ్మదిగా మొదలుపెట్టి నెమ్మదిగా ఆపే ఈజీ ఈజ్‌ను అనుమానించాలి. అలవాటుగా అన్ని కీఫ్రేములకూ అదే పెట్టేస్తే, తిరిగే చక్రం ప్రతి చుట్టు చివరా నెమ్మదించి మళ్లీ అందుకుంటుంది. ఆగకుండా తిరగాల్సిన వాటికి వేగం మారనివ్వని లీనియర్ కీఫ్రేములే ఉండాలి, చుట్టు కూడా పూర్తిగా 360 డిగ్రీలు తిరగాలి.

కొన్ని కీఫ్రేములతోనే కదలికను ఎంతసేపైనా నడపడానికి లూప్‌అవుట్ అనే ఎక్స్‌ప్రెషన్ (చిన్న కోడ్ ముక్క) ఉంది. కదిలించే అంశం పేరు పక్కన ఉండే స్టాప్‌వాచ్ గుర్తు మీద ఆల్ట్ నొక్కి క్లిక్ చేసి రాయాలి. అందులో సైకిల్ అని రాస్తే మొదటి నుంచి మళ్లీ నడుస్తుంది, పింగ్‌పాంగ్ అని రాస్తే వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు వెళ్తుంది. ఊగే గంటకు పింగ్‌పాంగ్ చక్కగా కుదురుతుంది. అదే అగరొత్తి పొగకు వాడితే పైకి వెళ్లిన పొగ తిరిగి అగరొత్తిలోకే దూరుతుంది. ఏ కదలికకు ఏది నప్పుతుందో ఆలోచించడం ఈ పనిలో సగం. నన్నడిగితే అది ఎక్స్‌ప్రెషన్ గుర్తుపెట్టుకోవడం కన్నా ముఖ్యం.

కెమెరాతో తీసిన వీడియో అయితే పద్ధతి వేరు. క్లిప్‌ను మధ్యలో కోసి రెండో సగాన్ని ముందు, మొదటి సగాన్ని దాని తర్వాత పెట్టాలి. ఇప్పుడు క్లిప్ చివరి ఫ్రేము, మొదటి ఫ్రేము అసలు వీడియోలో పక్కపక్కన ఉన్నవే కాబట్టి అక్కడ అతుకు కనిపించదు. అసలు అతుకు మధ్యలోకి వస్తుంది. అక్కడ రెండు ముక్కలనూ కాస్త ఒకదానిపై ఒకటి వేసి, ఒకటి మసకబారుతూ రెండోది తేలేలా చేయాలి. హుస్సేన్ సాగర్ నీళ్ల మీద అలలకు ఇది తేలిగ్గా కుదురుతుంది. వేడివేడి ఇరానీ చాయ్ మీద ఆవిరికి మాత్రం ఓపిక కావాలి.

అందుకే ఫీజు మాట ఎత్తే ముందు పాపతో మూడు పనులు చేయించండి. ఆ చాయ్ ఆవిరి ఒకటి. పెళ్లి తెరకు సరిపడే పూల నేపథ్యం ఇంకొకటి. దానికోసం ఎవరైనా ఎల్‌ఈడీ ఆపరేటర్‌ను కలిసి తెర పిక్సెల్ కొలత అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ తెరలన్నీ టీవీ కొలతల్లో ఉండవు. మూడోది వాట్సాప్ కదిలే స్టిక్కర్. అది 512 బై 512 పిక్సెళ్లు ఉండాలి, 500 కేబీ దాటకూడదు. అంత తక్కువ సైజులో బొమ్మ నిండుగా కనిపించేలా చేయడం మంచి శిక్షణ. ఈ మూడూ అతుకు తెలియకుండా వస్తే పాపకు ఈ పని మీద ఇష్టమే కాదు, పట్టు కూడా ఉందని నమ్మవచ్చు.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. లూపులు మాత్రమే చేస్తే బతుకుతెరువు కష్టం. రెడీమేడ్ నేపథ్యాలు చవగ్గా దొరుకుతాయి, ఏఐతో కూడా క్లిప్పులు పుట్టుకొస్తున్నాయి. లూప్ తెలిసిన మనిషికి తెలుగు అక్షరం అందంగా కదిలించడం, క్లయింట్ చెప్పింది అర్థం చేసుకోవడం, యాప్ కంపెనీలకు కావాల్సిన లాటీ ఫైళ్లు తయారు చేయడం కూడా వస్తే అప్పుడు గిరాకీ ఉంటుంది. లాటీని ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసింది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన బొమ్మను చిన్న ఫైలుగా యాప్‌లో నడిపిస్తుంది. అన్ని ఎఫెక్టులూ అందులోకి రావు కాబట్టి ఆకారాలు, కీఫ్రేములతోనే పని చేయడం అలవాటు కావాలి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ కంపెనీల వైపు వెళ్లాలనుకుంటే నేను ముందు దీన్నే నేర్చుకోమంటాను.

చాయ్ ఆవిరి, పూల నేపథ్యం, స్టిక్కర్ మూడూ బాగా వచ్చాక కోర్సు గురించి ఆలోచించవచ్చు. అమీర్‌పేటలో గోడల మీద సినిమా పోస్టర్లు చూసి ఫీజు కట్టకండి. గత బ్యాచ్ పిల్లలు సొంతంగా చేసిన పని చూపించమనండి, వాళ్లలో ఇద్దరితో మీరే మాట్లాడండి. డెమో క్లాసులో పాపను ఈ జర్క్ గురించే అడగమనండి. కారణం చెప్పగలిగిన సార్ దగ్గర నేర్చుకోవచ్చు, "అది ప్లగిన్‌తో పోతుంది" అని దాటేస్తే ఇంకో చోటు చూసుకోండి. మొత్తం ఫీజు ఒకేసారి అడిగితే ఒప్పుకోకండి. ఈలోగా సాయంత్రాల్లో ఉచితంగా నేర్చుకోవడానికి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉంది, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో మోషన్ గ్రాఫిక్స్‌కు ఫ్యూజన్ ఉంది. ఒక దాంట్లో పట్టు వస్తే రెండోది అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక డిగ్రీ. ఐఐటీల్లో ఎండెస్ (డిజైన్‌లో పీజీ) ప్రవేశానికి సీడ్ అనే పరీక్షను ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. మన ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ విభాగం ఉంది. మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, బీకాం వాళ్లూ రాయవచ్చు, వయసు పరిమితి లేదు. ఇప్పుడు మానేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఇంకో ఏడాదిన్నర చదివితే చేతిలో డిగ్రీతో పాటు చూపించుకోవడానికి మంచి పనులూ ఉంటాయి. ఆ పరీక్షలో డ్రాయింగ్ ఉంటుంది కాబట్టి రోజూ కాసేపు కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద గీయమనండి. కదిలే మనుషులను, బస్టాప్‌లో నిలబడ్డవాళ్లను, వంటింట్లో పని చేస్తున్న మిమ్మల్ని కూడా గీయవచ్చు.