మైనస్ 60కి ప్లేటు: హోల్డింగ్ దగ్గర తొందరపడకు

చి.సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

మీ మిల్లు ఉక్కు ప్లేటు నుంచి తీసి, మైనస్ 60 డిగ్రీల దగ్గర కొట్టిన మూడు చార్పీ ముక్కల్లో (గంటు పెట్టిన ముక్క సుత్తి దెబ్బకు విరగడానికి ఎంత శక్తి పట్టిందో చూసే పరీక్ష) రెండు 190 జౌల్స్ దాటాయనీ, మూడోది 34కే పుటుక్కుమందనీ రాశావు. ఉక్కులోని స్ఫటిక రేణువు సగటున 6 మైక్రాన్లే కదా, తప్పెక్కడ అని అడిగావు. ఆ సగటును నమ్మడమే తప్పు. అన్నమంతా బాగానే ఉడికినా పంటి కింద రాయి ఒక్కటి చాలు. 2 శాతం నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎచ్ చేసి, అంటే రేణువుల అంచులు బయటపడేలా కొరికించి, ప్లేటు మధ్య మందం దగ్గర చూడు. సన్న రేణువుల నడుమ 20, 30 మైక్రాన్లవి బారులు తీరి కనిపిస్తే దోషం రోలింగ్‌దే. విరిగిన ముక్కలు పారేయకు, పెళుసుగా విరిగినచోట మెరిసే తళుకులు ఎక్కడ మొదలయ్యాయో స్కానింగ్ మైక్రోస్కోప్‌లో చూడు. అక్కడ నలుచదరంగా టైటానియం నైట్రైడ్ కూర్చుని ఉంటే మాత్రం తప్పు కరిగించినవాళ్లది. టైటానియాన్ని నత్రజనికి 3.4 రెట్లు దాటనివ్వొద్దని వాళ్లకు చెప్పు.

కార్బన్ పెంచి బలం తెచ్చుకుంటే చలిలో పెళుసుతనమూ వెంట వస్తుంది. రేణువు సన్నబడితే రెండు లాభాలూ ఒకేసారి: ఫెరైట్ (చల్లారిన ఉక్కులోని ఇనుప రేణువులు) 20 మైక్రాన్ల నుంచి 5కి దిగితే ఈల్డ్ (శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునే బలం) సుమారు 120 మెగాపాస్కల్స్ పెరుగుతుంది, పెళుసుబారే ఉష్ణోగ్రత దాదాపు 80 డిగ్రీలు కిందికి పోతుంది.

మీ ఉక్కులో 0.05 శాతం కార్బన్, 0.04 శాతం నియోబియం కాబట్టి 1100 డిగ్రీలు దాటితే నియోబియం కరిగిపోతుంది. స్లాబ్ (రోలింగ్‌కి ముందు వేడిచేసే మందపాటి దిమ్మ) నడిమి వరకూ 1150 అందితే చాలు. ఎందుకైనా మంచిదని 1230 పెడితే ఆస్టెనైట్ (ఆ వేడిలో ఉక్కు ఉండే రూపం) ముందే ముతకబారుతుంది, దాన్ని మళ్లీ దారికి తేవడం కష్టం.

రఫింగ్ (స్లాబ్‌ను మొదట పలచన చేసే రోలింగ్) 1030 పైనే ముగించు. చివరి మూడు పాస్‌ల్లో (రోలర్ల మధ్య నుంచి ఒక్కో నడక) ఒక్కోదానిలో మందం తగ్గింపు 15 శాతానికి తగ్గకూడదు. చిన్న చిన్న పాస్‌లు ఎన్ని ఇచ్చినా నడిమి రేణువులు మారవు.

ఇక హోల్డింగ్, అంటే రఫింగ్ అయిన దిమ్మను (బార్) చివరి రోలింగైన ఫినిషింగ్‌కి ముందు ఆపి చల్లారనివ్వడం. 1030కీ 940కీ మధ్య కొన్ని రేణువులు కొత్తగా పుడతాయి, కొన్ని పుట్టవు. ఆ మధ్యలో రోలింగ్ చేస్తే నువ్వు చూసిన మిశ్రమమే మిగులుతుంది. 64 మి.మీ. బార్ మీద పైరోమీటర్ (దూరం నుంచే వేడి కొలిచే పరికరం) 935 చూపిస్తోందని తొందరపడకు, అది పైపొర వేడి, పైగా దాని చూపు స్కేల్ (పైన కట్టే ఆక్సైడ్ పెచ్చు) మీద పడితే ఇంకా తక్కువ చూపిస్తుంది. నడుమ ఇంకా వేడిగానే ఉంటుంది. టన్నుల లెక్క చూసే షిఫ్ట్ ఇన్‌ఛార్జి సరిగ్గా ఇప్పుడే నీ పీకల మీద కూర్చుంటాడు. అతనితో వాదించకు, రెండు మూడు బార్‌లు వంతులవారీగా నడిపించు. ఒకటి చల్లారుతుంటే ఇంకోటి రఫింగ్‌లో ఉంటుంది, మిల్లు ఖాళీగా ఉండదు.

ఫినిషింగ్‌లో 64 నుంచి 20 మి.మీ.కి దించితే దాదాపు 69 శాతం తగ్గింపు, అంత కావాలి. మీ కూర్పుకి ఫెరైట్ మొదలయ్యేది 780 ప్రాంతంలో. కాబట్టి ఫినిషింగ్ 830 దగ్గర ఆపి, 790కి పడకముందే నీళ్ల కిందికి పంపు. సెకనుకు 15 డిగ్రీల చొప్పున చల్లార్చి 480 దగ్గర నీళ్లు కట్టెయ్.

చార్పీ ముక్క చల్లని ద్రవ స్నానంలో కనీసం 5 నిమిషాలు నానాలి, తీసిన 5 సెకన్లలో సుత్తి పడాలి. పటకారు కొసలు కూడా అందులోనే ముంచి ఉంచు. తర్వాతి హీట్‌లో (ఒక విడత కరిగించిన ఉక్కు) ప్లేటు తల, తోక రెండింటి నుంచీ, పావు మందంలోనూ నడిమిలోనూ ముక్కలు తీయించు. మూడింటి సగటు కాదు, వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె రాసి పంపు.