పిల్లల పాటే కదా అని దాటేయకు

తమ్ముడూ,

అమెరికా అన్నాచెల్లెళ్ల పాటల జంట కార్పెంటర్స్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే చెల్లెలు కరెన్ చావు పెట్టేశావు. 1983లో, 32 ఏళ్లకే, తిండి మాన్పించే అనొరెక్సియా జబ్బుతో పోయింది, నిజమే. అది ముందే చెప్పేస్తే తర్వాత నువ్వు ఏ పాట గురించి రాసినా చదివేవాడికి ఆ చావే గుర్తొస్తుంది. దాన్ని వెనక్కి జరుపు.

అసలు సరుకు నాలుగో పేజీలో ఉంది. పిల్లల టీవీ పాటను కూడా హిట్ చేశారని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. నేనైతే అక్కడే కూర్చుండిపోయేవాణ్ణి.

'సింగ్' పాటను జో రపోసో 'సెసమీ స్ట్రీట్' అనే అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం కోసం రాశాడు. 1971లో వచ్చింది. అక్షరాలూ అంకెలూ నేర్పే కార్యక్రమం కాబట్టి పాట పసిపిల్లల నోటికి పట్టాలి. మాటలు చిన్నవి. బాగా పాడటం రాకపోయినా ఫర్వాలేదు, పాడు అంటుంది, అంతే. 1973లో 'నౌ అండ్ దెన్' ఆల్బమ్ కోసం అన్న రిచర్డ్ దాన్ని తీసుకున్నాడు. పెద్దవాళ్లు వినాలి కదా అని బరువు పెంచలేదు. చెల్లెలు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడింది. పిల్లల కోరస్‌ను తెచ్చి, ఆ 'లా లా లా'ను వాళ్ల చేతికిచ్చాడు. అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మూడో స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది జపాన్‌లో అక్కడి పిల్లలతో కలిసి స్టేజీ మీద పాడారు. 'లా లా లా'కి ఏ భాషా అక్కర్లేదు మరి!

ఇంకో ముక్క నువ్వు అసలు ముట్టుకోలేదు. 1979 నాటి 'ది మపెట్ మూవీ'లో కెర్మిట్ అనే కప్పబొమ్మ పాడే 'రెయిన్‌బో కనెక్షన్' ఉంది కదా, దాన్ని కరెన్ కూడా పాడింది. రికార్డింగ్ 1980లో జరిగినా, బయటికొచ్చింది 2001లో. ఆ పాట రాసిన ఇద్దరిలో ఒకరైన పాల్ విలియమ్సే అంతకుముందు వీళ్లు పాడిన 'వియ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్'కి మాటలు రాశాడు. పెళ్లిళ్లలో మోగే పాటా, కప్పబొమ్మ పాటా ఒకే కలం నుంచి వచ్చాయి. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే, చూసుకో.

ఈసారి రాసే ముందు 'సింగ్'ను రెండు రకాలుగానూ విను, టీవీలోదీ రికార్డులోదీ. కోరస్ ఎక్కడ మొదలవుతుందో, కరెన్ ఎక్కడ తగ్గుతుందో కాగితం మీద పెట్టు. నువ్వు విన్నది రాస్తే చాలు. 'తేనెలూరే గొంతు' అన్న మాట మాత్రం కనిపించిన చోటల్లా కొట్టేసి పంపు.

మీ అన్నయ్య